మా మునికృష్ణ, వాడి పొగ బండి

మా తమ్ముడు మునికృష్ణ అన్నం తినేటప్పుడు కూడా ఒక కాలు ఆడిస్తూనే ఉంటాడు. పక్కన కూర్చున్నవాళ్ల కంచంలో రసం కదులుతుంది. తన పెళ్లిలో కూడా పీట మీద నిలవలేదు. మధ్యలో లేచి పోయి, పెళ్లివాళ్లను తెచ్చిన వ్యాను టైర్లలో గాలి ఉందో లేదో తట్టి చూసి వచ్చాడు. పురోహితుడు మంత్రం ఆపి నా వైపు చూశాడు. నేనేం చేసేది? "వాడంతే స్వామీ, మీరు కానీండి" అన్నాను.

మాది బంగారుపాళ్యం పక్కన పల్లె. నాయన మామిడితోటలకు కాపలా ఉండేవాడు. బడిలో వీడిని కిటికీ పక్కన కూర్చోబెడితే కిటికీలోంచి దూకి పోయాడు, తలుపు పక్కన కూర్చోబెడితే తలుపులోంచి పోయాడు. నాకూ చదువు అబ్బలేదు. అయితే నేను బడి మాని పోయింది పొయ్యి దగ్గరికి, వాడు పోయింది రోడ్డు మీదికి. మీసం రాకముందే మామిడికాయల లారీ ఎక్కి క్లీనరయ్యాడు. తర్వాత డ్రైవరయ్యాడు. నాయుడుపేటలో ఒక కంపెనీ వ్యాను దొరికితే, ఆ వ్యాను రోజూ ఒకే రోడ్డు మీద పోతుందని మానేశాడు. జీతం చాలక మానేసినవాళ్లను చూశాను, యజమాని తిట్టాడని మానేసినవాళ్లను చూశాను. రోడ్డు మీద విసుగు పుట్టి మానేసినవాడు మా ఇంట్లోనే పుట్టాడు.

ఒకసారి కాలు విరిగి మంచాన పడ్డాడు. ఇంటిల్లిపాదికీ అది ఒక పరీక్ష. మంచం మీద నుంచే మిక్సీ విప్పాడు. గోడ గడియారం తెప్పించుకుని విప్పాడు. ఏమీ దొరకనప్పుడు, పడుకున్న మంచం నవారే ఒక పక్క నుంచి ఊడదీయడం మొదలుపెట్టాడు. వాడి భార్య ప్రశాంతి మిషను మీద రవికలు కుట్టుకుంటూ, "వదినా, మీ తమ్మునికి చేతులకు కూడా కట్టు కట్టమని చెప్పండి డాక్టరుకు" అంది.

చివరికి వాడికి నప్పిన పని ఒకటి కుదిరింది. పాత డీజిల్ కారు ఒకటి కొన్నాడు. టర్బో ఉన్న ఇంజను. టర్బో అంటే గాలిని బలవంతంగా ఇంజను గొంతులో కూరే పంకా అని వాడే నాకు చెప్పాడు. రేణిగుంట విమానాశ్రయంలో దిగిన యాత్రికులను ఎక్కించుకుని కొండకు తీసుకుపోయేవాడు. వాడు కూర్చునేది సీటులోనే అయినా, సీటు కదులుతుంది, ఊళ్లు కదులుతాయి, ఎక్కే మనుషులు రోజూ మారతారు. అదే వాడికి మందు. ఆ కొన్నేళ్లు ఇంట్లో గడియారం తిరిగింది, మిక్సీ తిరిగింది.

పోయిన ఎండాకాలంలో బండి పొగ వదలడం మొదలుపెట్టింది. మామూలు పొగ కాదు, నీలం పొగ. ఘాటు రోడ్డులో మలుపు తిప్పి కాలు నొక్కితే చాలు, వెనక వచ్చే బండ్లు కనపడనంత. కారులో కూర్చున్నవాళ్లు గోవింద కొట్టడం మాని ముక్కు మూసుకునేవారు. యాత్రికులను మాట్లాడి పంపే ట్రావెల్సు ఆయన, "పొగ తగ్గిందాకా ఈ పక్కకు రావొద్దప్పా" అనేశాడు. ఒక మెకానిక్కు టర్బో పోయిందన్నాడు. ఇంకొకడు ఇంజను మొత్తం దించాలన్నాడు. మునికృష్ణ బండి చుట్టూ తిరిగాడు. తర్వాత ఇంటి చుట్టూ తిరిగాడు. కాపురం కొండ కిందికి మారినప్పటి నుంచి నేను వాళ్ల ఇంటికి ఆనుకుని ఉన్న గదిలో ఉంటాను, పొద్దున పూట వీధివాళ్లకు ఇడ్లీలు వేస్తాను. పిండి రుబ్బుతుంటే నా గుమ్మం ముందు నుంచి వీడు అటూ ఇటూ పోతుంటాడు, గ్రైండరు తిరిగినంతసేపూ.

ప్రశాంతి అన్న గిరిప్రసాద్ బంగారుపాళ్యంలో మామిడిగుజ్జు ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. గేటు దగ్గర కాపలా ఉద్యోగం ఒకటి ఖాళీ ఉందని, బండి కొనేవాడిని కూడా తానే చూశానని, ఆదివారం వచ్చి రెండూ తేల్చేస్తానని కబురు పెట్టాడు. అన్నం దగ్గర ఆ మాట ఎత్తింది ప్రశాంతి.

"కుర్చీ ఉండాది, ఫ్యాను ఉండాది, వానొస్తే తలుపేసుకునే గది ఉండాది. ఇంకేం కావాల నీకు?"

"కుర్చీకి చక్రాలుండాయా?"

"నీకు నవ్వులాటగా ఉండాది. నువ్వు కొండ రోడ్డులో ఉన్నంతసేపూ నా గుండె నా దగ్గర ఉండదయ్యా. సూది యాడ గుచ్చుతా ఉండానో తెలీదు. పొగ కమ్ముకోని ముందర లోయ కనపడకపోతే ఏం చేస్తావు?"

"పొగ వెనకాల వస్తాది మే, ముందర కాదు."

"వెనకాల వచ్చేవాళ్లకు పెండ్లాం బిడ్డలు లేరా?"

కంచంలో చెయ్యి కడిగేసుకుని లేచాడు. గుమ్మం దాకా పోయి, వెనక్కి వచ్చి అన్నాడు. "సరే. శనివారం బండి తీసుకోని కొండెక్కుతా. పొగొచ్చిందంటే ఆదివారం మీ అన్నకు తాళాలు నేనే ఇస్తా, పోయి ఆ కుర్చీలో కూచుంటా. పొగ రాలేదంటే ఆ కుర్చీ మాట ఈ ఇంట్లో మళ్లీ వినపడకూడదు."

"నువ్వొచ్చి పొగ రాలేదంటే నేను నమ్మాల్నా?"

"అక్కను పిలుచుకోని పోతా. అక్క మాట నమ్ముతావా?"

ప్రశాంతి నా వైపు చూసింది. "వదిన అబద్ధం చెప్పదు. అందుకే కదా సుట్టాలెవురూ పిలిచేది లేదు" అంది. మెప్పో తిట్టో గానీ, ఉన్న మాట.

రేణిగుంట రోడ్డులో ధనశేఖర్ అని ఒక మెకానిక్కు. లారీల కాలం నుంచి మునికృష్ణకు తెలిసినవాడు. తిరుత్తణి పక్కనుంచి వచ్చాడు, నోట్లో సగం అరవం. శుక్రవారం పొద్దున మునికృష్ణ బండిని వాడి రేకుల షెడ్డుకు తీసుకుపోతూ, "ఇడ్లీలు కట్టుకోని రా అక్కా, వాడు ఖాళీ కడుపుతో పని చేయడు" అని నన్నూ ఎక్కించుకున్నాడు.

ధనశేఖర్ గాలిపైపు ఊడదీసి వేలు పెట్టి చూశాడు. వేలు నల్లగా, జిడ్డుగా బయటికి వచ్చింది. ఇంజను బిగువు కొలిచే సాధనం పెట్టి చూశాడు. తర్వాత టర్బో పంకాను వేలితో తిప్పాడు.

"ఇంజను చావలే, టర్బో చావలేదప్పా. వయసొచ్చింది, అంతే. పిస్టన్ల పక్కనుంచి గాలి కిందికి దూరతా ఉండాది. ఆ గాలి ఆయిలు తుంపర్లు ఎత్తుకోని ఈ పైపులో పైకొస్తాది. ఈ పైపు యాడికి పోతా ఉండాది సూడు. టర్బో నోట్లోకి. టర్బో దాన్ని మళ్లీ ఇంజను గొంతులో కొడతాది. ఆయిలు కాలితే నీలం పొగ రాదా?"

"అంటే తన ఆవిరి తానే మింగి దగ్గుతా ఉండాదన్నమాట" అన్నాను.

"కరెక్టుగా చెప్పినావక్కా! మధ్యలో ఒక డబ్బా పెడితే సరి. ఆవిరి డబ్బాలోకి వస్తాది, ఆయిలు అడుగున పడతాది, ఉత్త గాలి పైన బయటికి పోతాది. అప్పుడప్పుడూ అడుగున మర తిప్పి ఆయిలు వంచేసుకోవాల."

ఇది నాకు తెలియని సంగతేమీ కాదు. ఇడ్లీ పాత్ర మూత ఎత్తితే అడుగు పక్క నీటిబొట్లు వేలాడుతుంటాయి. ఆవిరికి చల్లటి గోడ తగిలితే నీరైపోతుంది. నా జీవితమంతా ఆ మూత కిందే గడిచింది. ఇంజనుకు ఇన్నాళ్లు పట్టింది.

డబ్బా అంటే చెంబంత ఉంది. తెల్లగా మెరిసే అల్యూమినియం. పైన పుట్టగొడుగులాంటి చిన్న ఫిల్టరు. గాలి బయటికి పోవాల్సిన దారి అదే. బ్యాటరీ పక్కన ఇనుప పట్టీ బిగించి దాని మీద డబ్బాను నిలబెట్టాడు ధనశేఖర్. నట్టు బిగించినప్పుడల్లా మునికృష్ణ తల బానెట్ కిందికి దూరుతుంది.

"అప్పా, నీ తలకాయ తీస్తావా, దాన్ని కూడా పట్టీ ఏసి బిగించల్నా?"

"పైపు నేను తెచ్చినా సూడు, కొత్తది."

"ఇది తోటకు నీళ్లు పట్టే పైపు. ఇంజను వేడికి మెత్తబడి పేగు మాదిరి అతుక్కుంటాది. ఆయిలు తట్టుకునే రబ్బరు పైపు కావాల. ఆ కొక్కేనికి ఉండాది, తీసుకురా పో."

వాడు పరుగున పోయి తెచ్చాడు. పైపు ఎక్కడా జోలెలా వేలాడకుండా కొలిచి కోశాడు ధనశేఖర్. వేలాడితే ఆ వంపులో ఆయిలు నిలిచి దారి మూసుకుపోతుందట. ఒక కొన ఇంజను తల మీద గొట్టానికి, ఇంకో కొన డబ్బాకు. రెండు పక్కలా క్లిప్పులు. టర్బో వైపు మిగిలిన బొక్కకు రబ్బరు బిరడా కొట్టి దాన్నీ క్లిప్పు వేసి బిగించాడు. డబ్బా లోపల ఇనుప జల్లెడ ఉంది. అది చాలదేమోనని మునికృష్ణ జేబులోంచి అంట్లు తోమే ఇనుప పీచు తీశాడు. ప్రశాంతి వంటింట్లోది.

ధనశేఖర్ ఆ పీచును చూశాడు, నన్ను చూశాడు. "అక్కా, ఈయన్ను రెండు ఇడ్లీలు తినిపించి ఆ రాతి మీద కూసోబెట్టు."

కూర్చోబెట్టాను. ఒక ఇడ్లీ తిన్నాడు. రెండోది చేతిలో పట్టుకుని లేచిపోయాడు.

శనివారం పొద్దున ప్రశాంతి బండికి పూజ చేసింది. కొత్త వస్తువు ఏది బిగించినా, అది స్క్రూ అయినా సరే, పసుపు కుంకుమ పెట్టకుండా బండి కదలనివ్వరు మా వైపు. బానెట్ ఎత్తించి, కర్పూరం వెలిగించి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది. మునికృష్ణ అప్పటికే తాళం చెవి వేలికి తిప్పుకుంటూ వీధి మొన దాకా పోయి వస్తున్నాడు. "అయిందా మే? అయిందా?" అని అడగడం, మళ్లీ పోవడం. అయిందని ఆమె అనగానే లోపల ఏముందో చూడకుండా బానెట్ దబ్బున వేసేశాడు. ముందు రోజంతా తల దూర్చి చూసినవాడు ఆ ఒక్క క్షణం చూడలేదు.

అలిపిరిలో సామాను తనిఖీ అయ్యి, ఘాటు రోడ్డు ఎక్కాము. వాడు అద్దంలో వెనక్కి చూడటం, నేను తల తిప్పి వెనక్కి చూడటం. మొదటి మలుపు. ఏమీ లేదు. రెండో మలుపు. రోడ్డు రోడ్డులా ఉంది, వెనక వచ్చే జీపు జీపులా కనపడుతోంది.

"సూసినావాక్కా? సూసినావా?"

"ముందర సూసి తోలురా."

ఇంకాస్త ఎక్కాక నా ముక్కుకు ఏదో తగిలింది. మాడిన నూనె వాసన. పెనం మీద నూనె ఎక్కువై పొగలేసే ముందు ఉండే వాసన, నాకు తెలియనిది కాదు. చెప్పాలా వద్దా అనుకునేలోపు బానెట్ అంచుల నుంచి పొగ లేచింది. వెనక చూస్తే నీలం మబ్బు. జీపు కనపడలేదు. మునుపటి కంటే ఎక్కువ.

మునికృష్ణ రోడ్డు పక్కన బండి నిలిపే జాగా కనపడగానే ఆపి, దిగి, బానెట్ ఎత్తాడు. ఆయిల్ మట్టం చూసే కడ్డీ దాని గొట్టంలోంచి పైకి తన్నుకుని వచ్చేసి ఉంది. చుట్టూ ఆయిలు చిమ్మింది. అది వేడి ఇనుము మీద పడి పొగలు కక్కుతోంది. ఆ కొత్త డబ్బా తల మీద, పుట్టగొడుగు లాంటి ఫిల్టరుకు, పసుపు గుడ్డ. తడి పసుపులో ముంచి, రెండు మడతలు వేసి, గొంతు నులిమినట్టు బిగించి కట్టిన ముడుపు. ముడిలో రూపాయి బిళ్ల ఉబ్బెత్తుగా కనపడుతోంది. ఆయిలు ఆవిరి పట్టి ఆ గుడ్డ తోలులా గట్టిపడింది.

మొక్కు మొక్కుకుని పసుపు గుడ్డలో రూపాయి ముడి వేసి, కోరిక తీరాక కొండకు తెచ్చి హుండీలో వేయడం మా వైపు ప్రతి ఇంట్లో ఉన్నదే. దాన్ని దేవుడి పటం ముందర పెడతారు. ఇంజను నెత్తిన కట్టినవాళ్లను నేను చూడలేదు.

గుడ్డకు అంచు మడిచి సన్నగా కుట్టి ఉంది. ముడుపు గుడ్డకు కూడా అంచు కుట్టే మనిషి ఒక్కతే మాకు తెలుసు.

"కావాలనే కట్టిందక్కా" అన్నాడు మునికృష్ణ. "గాలి పోయే దారి మూసేసింది. లోపల గాలి నిండి, ఆయిలును యాడబడితే ఆడికి తోసేసింది. టర్బోలోంచి కిందికి దిగాల్సిన ఆయిలు కూడా దిగకుండా పొగైపోయింది. నన్ను ఆ కుర్చీలో కూసోబెట్టల్లని..."

"గమ్మునుండరా. చెరపాలనుకున్న మనిషి కత్తెర చేతిలో పెట్టుకోని, పైపు కోయకుండా పసుపు రాస్తాదా? ఫోన్ చెయ్యి."

చేశాడు. స్పీకరు పెట్టాడు, నాకూ వినపడేట్టు.

"మే, డబ్బా మీద ఏం కట్టినావు?"

"సూసినావా? ముడి విప్పొద్దు! కొండ మీద హుండీలో పడేదాకా విప్పకూడదు!"

"ఏమని మొక్కినావు?"

అవతల మిషను చప్పుడు ఆగింది.

"ప్రశాంతీ, ఏమని మొక్కినావు?"

"బండి పొగ లేకుండా కొండెక్కితే, అదే బండ్లో నేనూ ఎక్కి వచ్చి తలనీలాలు ఇస్తానని."

పెళ్లయినప్పటి నుంచి ఆమె ఆ రోడ్డు మీద కారులో ఎక్కలేదు. ఎప్పుడు కొండకు పోయినా మెట్ల దారిలో నడిచే పోయేది. ఇక ఆ జుట్టు, మోకాళ్ల దాకా ఉంటుంది. రవికలు కుట్టించుకోవడానికి వచ్చే ఆడవాళ్లు కొలతలు మరిచిపోయి దాన్నే చూస్తారు.

"పొగొస్తే?" అన్నాడు వాడు.

"పొగొస్తే మా అన్న ఉండాడు కదయ్యా. దానికి దేవునితో పనేముంది?"

ఫోను జేబులో పెట్టుకున్నాడు. ముడి విప్పితే ఆమె మొక్కు తప్పుతుంది. విప్పకపోతే ఇంజను చస్తుంది. వాడు బండి ముందుకు పోయాడు, వెనక్కి వచ్చాడు, మళ్లీ ముందుకు పోయాడు. చెయ్యి గుడ్డ దాకా పోతుంది, వెనక్కి వస్తుంది. పక్కనుంచి బస్సులు గోవిందా అంటూ ఎక్కిపోతున్నాయి. నాకు తల తిరిగింది.

"ముడి విప్పొద్దనింది ఆయమ్మ. డబ్బా తల పీకొద్దని యాడన్నా అనిందా?" అన్నాను.

ఆగాడు. ఒకసారి నన్ను, ఒకసారి డబ్బాను చూశాడు. తర్వాత బండి వెనకకు పరుగెత్తి స్క్రూ డ్రైవరు తెచ్చాడు. క్లిప్పు వదులు చేసి, చెయ్యి కాలుతుంటే తువ్వాలు చుట్టుకుని, ఫిల్టరును గుడ్డతో సహా పెరికాడు. డబ్బా 'ఉస్' అని ఊపిరి వదిలింది. పసుపు టోపీ పెట్టుకున్న ఆ నల్ల ఫిల్టరును నా ఒళ్లో పెట్టి, "జాగ్రత్తక్కా, ముడి ఊడిపోకుండా" అన్నాడు, బిడ్డను ఇచ్చినట్టు. నా మంచి చీర, కొంగంతా ఆయిలు.

కడ్డీని మళ్లీ లోపలికి దిగనొక్కి, డిక్కీలో ఉన్న డబ్బాలోంచి కొత్త ఆయిలు పోసి, చిమ్మిందంతా తుడిచాడు. ఇంజను చల్లారిందాకా ఆగాలి. ఆ ఆగడం ఉంది చూశారూ, అది వాడికంటే నాకు ఎక్కువ నరకం. రోడ్డు పక్క రాళ్లన్నిటినీ తన్ని చూశాడు.

మళ్లీ బయలుదేరినప్పుడు ఒకటి రెండు మలుపుల దాకా పాత ఆయిలు కాలి పల్చగా పొగ వచ్చింది. తర్వాత తగ్గింది. తర్వాత లేదు. వాడు అద్దంలో చూడటం మానేశాడు, భయపడి. నేనే తిరిగి చూస్తూ కూర్చున్నాను, మెడ పట్టేసే దాకా. కొండ మీదికి చేరాక, మిట్టలో కావాలని ఆపి, గట్టిగా కాలు నొక్కించాను. వెనక వెదురు పొదలు ఆకు ఆకు కనపడ్డాయి.

దిగి వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. ప్రశాంతి వీధిలోనే నిలబడి ఉంది.

"పొగ వచ్చిందా వదినా?"

మునికృష్ణ నా ముఖం చూస్తున్నాడు. తాళం చెవి వేలికి తిప్పడం కూడా మరిచిపోయాడు. రేపు గిరిప్రసాద్ వస్తాడు. నేను వాడిని ఎత్తుకుని పెంచినదాన్ని. అయినా ఒకసారి అబద్ధమాడితే ఇక నా నోటికి విలువేముంది?

"వచ్చింది" అన్నాను.

వాడు తల దించుకున్నాడు.

"ఎంత దూరం వచ్చింది?"

"నీ గుడ్డ ఉన్నంత దూరం. తర్వాత రాలే."

కొంగులోంచి ఫిల్టరు తీసి ఆమె చేతిలో పెట్టాను. జరిగింది జరిగినట్టు చెప్పాను, ఒక్క ముక్క కలపలేదు, ఒక్క ముక్క దాచలేదు. ఆమె ఆ ఆయిలు గుడ్డను, విప్పని ముడిని తిప్పి తిప్పి చూసింది. ముఖం ఎర్రబడింది. నవ్వు వచ్చిందో ఏడుపు వచ్చిందో ఆమెకే తెలియాలి.

"అంటే మొక్కు తీరినట్టా, తీరనట్టా వదినా?"

"అది నీకూ ఆ కొండమీదాయనకూ మధ్య. నన్నడగొద్దు. నేను బండికి సాక్షిని గానీ దేవునికి కాదు."

ప్రశాంతి జడ ముందుకు లాక్కుని కొస దాకా నిమురుతూ ఆలోచించింది. ఇంత పెద్ద జుట్టు ఉన్న మనిషికి ఆ ఆలోచన చిన్నది కాదు. తర్వాత లోపలికి పోయి ఫోను తీసుకుంది.

"అన్నా, నువ్వు రేపు రావొద్దులే. మేము కొండకు పోతా ఉండాం... కాదు, నడిచి కాదు, బండ్లోనే... ఆ కుర్చీనా? నిలకడగా కూసునేవాళ్లు ఎవురన్నా ఉంటే ఇచ్చెయ్."

మరుసటి రోజు పొద్దున నా ఇడ్లీలు ఇంకా ఆవిరి మీద ఉండగానే బయట హారను మొదలైంది. ప్రశాంతి ముందు సీటులో కూర్చుని, కళ్లు గట్టిగా మూసుకుని, ఒక చేత్తో తలుపు పిడి, ఇంకో చేత్తో ఒళ్లో పెట్టుకున్న ముడుపును పట్టుకుంది. బండి ఇంకా వీధి మలుపు తిరగలేదు, అప్పుడే "మెల్లగా, మెల్లగా పోనీయ్యా" అని ఆమె అరవడం నాకు వినపడింది.

ఆ సాయంత్రం నున్నటి గుండుతో, చందనం పూసుకుని దిగింది. ముడి విప్పకూడదు కాబట్టి ముడుపును ఫిల్టరుతో సహా హుండీలో వేసేసిందట. దాన్ని లెక్క పెట్టినవాళ్లు ఏ భక్తుడి నగ అనుకున్నారో. ధనశేఖర్ కొత్త ఫిల్టరు వేస్తూ వాడిని తిట్టిన తిట్లు అరవంలో ఉన్నాయి, నాకు సగమే అర్థమయ్యాయి.

ఇప్పుడు ప్రశాంతి ఖాళీ ఉన్నప్పుడల్లా బండిలో ఎక్కి కూర్చుంటుంది. ఇంట్లో ఉండి భయపడే కంటే పక్కన కూర్చుని భయపడటం మేలని తేల్చుకుంది. మలుపు మలుపుకూ అరుస్తుందట. పాపం, యాత్రికులు అది గోవింద నామం అనుకుని తామూ అందుకుంటారని వాడు చెబుతాడు, చెబుతూనే లేచి పోతాడు. డబ్బాలో ఆయిలు ఎంత పడిందో చూడాలట.